అందరూ మూడో గడిలోనే

మొదటి రోజు

పరీక్షకు పేరిచ్చిన ప్రతివాళ్ళూ ఆ ఎనిమిది రోజులూ దినచర్య రాయాలని లోతుపేట కమిటీ నియమం. రాసింది ఎవరూ చదవరు. ఆఖరి రోజున సెక్రటరీ దొరబాబు గారు పుస్తకం తెరవకుండానే అట్ట మీద ముద్ర కొడతారు. కాబట్టి నాకు తోచింది నేను రాసుకుంటాను.

నా పేరు నూకరత్నం. ఇరవై రెండేళ్ళు. మా ఊళ్ళో ఇళ్ళు ఒకదాని మీద ఒకటిగా మూడు వరసలు. నేను నడి వరసలో ఉంటాను, తినే నాచు పెరిగే తొట్లు గీకుతాను. ఈ పరీక్ష రాయడం ఇది మూడోసారి, నాలుగోసారి రాయనివ్వరు. ఇప్పుడూ పోతే పంపుల గదిలో పని దొరకదు, ముసలిదాన్నయ్యేదాకా నాచే గీకాలి. మా వరహాలు పిన్ని పంపుల గదిలోనే పనిచేస్తుంది. నెత్తి మీదున్న సముద్రాన్ని బయటే ఉంచేది ఈ గదేనని చిన్నప్పుడు ఒకసారి చూపించింది. అప్పటినుంచీ నాకు ఇంకో పని మీదికి మనసు పోలేదు.

ఊరు మొత్తంలో ఈ పరీక్ష తప్పినదాన్ని నేనొక్కదాన్నే. నిజానికి తప్పడమే కష్టం. హాలు నేల మీద నాలుగు గళ్ళుంటాయి. ఊరి లెక్కలన్నీ చూసే యంత్రాన్ని మేం మేస్టారు అంటాం. పడిశం పట్టినట్టుండే గొంతుతో మేస్టారు ఒక ప్రశ్న చదివి, నాలుగు జవాబులు చెబుతాడు. ముప్ఫై లెక్కపెట్టేలోగా మనం ఏదో ఒక గడిలోకి వెళ్ళి నిలబడాలి. గంట మోగాక ఇరవై లెక్కపెట్టేదాకా కదలకూడదు. కదిలితే ఆ ప్రశ్న పోయినట్టే. అక్షరాలు రానివాళ్ళకు కూడా వీలుగా ఉండాలని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి ఇది.

రోజుకు ఐదు ప్రశ్నలు, మొత్తం నలభై. ముప్ఫై నెగ్గితే పాస్. ప్రశ్నలు ఏటా అవే, వరస కూడా అదే. వాటిని ఎవరూ పూర్తిగా వినరు. సరుకుల కొట్టు లోవరాజు గారు నేరుగా మూడో గడిలోకి వెళ్ళి గోడకున్న ఇనప కమ్మీ పట్టుకుని నిలబడతారు. మిగతా అరవై రెండు మందీ ఆయన వెనకాలే వెళ్ళి నిలబడతారు. పన్నెండేళ్ళుగా ఆయనకు నలభైకి నలభై. పని చేసుకునేవాళ్ళు కూడా ఏటా రాయాల్సిందే కాబట్టి ఆయన ఏటా వస్తారు, ఏటా అందరూ నెగ్గుతారు.

నాకు జవాబులతో పేచీ లేదు, నా కాళ్ళతోనే. నిలబడమంటే చాలు, మడమ దురద పెడుతుంది. దురద తగ్గితే మోకాలు గుంజుతుంది. ఇవాళ రెండో ప్రశ్నకు నా ముందున్న పెద్దావిడ తడి జుట్టులోంచి ఒక బొట్టు నా పాదం మీద పడింది. నాలుగో ప్రశ్నకు ఏమీ పడలేదు, పడుతుందేమోనని కదిలాను. మొదటి రోజే రెండు పోయాయి.

చివర్లో దొరబాబు గారు ఒక ప్రకటన చదివారు. పనివాళ్ళు చాలడం లేదట. ఇకనుంచి ఊరి పనులన్నీ ఒక్కొక్కటిగా మేస్టారికి అప్పజెబుతారట. పరీక్ష అయిన మర్నాటినుంచి వాల్వులు తిప్పేది కూడా మేస్టారే, మనుషులు నూనె వేసి కనిపెట్టుకుని ఉంటే చాలట. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టేటప్పుడు కదలొచ్చు కాబట్టి నేనూ గట్టిగా కొట్టాను.

మూడో రోజు

నిన్నటి సంగతి రాయలేదు, రాయడానికేమీ లేదు. మడమ దురద, ఒకటి పోయింది.

ఇవాళ వంటిల్లు మేస్టారికి అప్పజెప్పారు. మధ్యాహ్నం పళ్ళెంలో నల్లటి పెచ్చు పెట్టారు. ఏమిటని అడిగితే అన్నమన్నారు. ఉదయమే అడుగంటిందట. వండేవాళ్ళు పొయ్యి ఆపబోతే మేస్టారు ఆపనివ్వలేదట, ఇంకో గంట ఉడికించాడట. నాచు పచ్చడి కలిపితే కాస్త మింగుడుపడింది. పక్కబల్ల దగ్గరాయన పన్ను విరగ్గొట్టుకున్నాడు.

కొత్తగా పని నేర్చుకుంటున్నాడులే అని అందరూ మేస్టారిని వెనకేసుకొచ్చారు. నేను నాచు తొట్టి చెత్తగా గీకిన మొదటి రోజున మాత్రం ఇలా ఒక్కరూ అనలేదు.

నాలుగో రోజు

ఉదయం కింది వరసలో పేరంటాలు అత్త చేపలు కడిగి నీళ్ళు ఒంపింది. మరుక్షణం ఊరంతా తరలింపు గంటలు మోగాయి. నేల తడిగా ఉంది, అందరూ పై వరసకు పదండి అని మేస్టారు కేకలు. కింది వరసలోని మూడువందల నలభై మందీ పిల్లల్ని ఎత్తుకుని, గిన్నెలు పట్టుకుని మెట్లెక్కారు. దిగాక ఇంకెవరో బట్టలు పిండారు. మళ్ళీ ఎక్కారు. మూడోసారి ఎందుకు ఎక్కారో ఎవరికీ తెలియదు, ఏ పసివాడో తడిపి ఉంటాడు.

"ఏటే రత్నం, నేలన్నాక తడవదా? సముద్రంలో కాపరం ఎట్టి తడి సూసి పరిగెత్తమంటాడేటీ సచ్చినోడు!" అని పేరంటాలు అత్త చేపల గిన్నె నా చేతిలో పెట్టి మెట్ల మీద కూలబడింది. ఆవిడ ఆయాసం తగ్గేదాకా నేనూ పక్కన కూర్చున్నాను. ఊరికే కూర్చోలేను కాబట్టి ఏదో ఒకటి గొణుక్కుంటుంటాను. ఈ మూడేళ్ళలో నోటికొచ్చేసిన పరీక్ష ప్రశ్నలే గొణిగాను.

పదిహేడో ప్రశ్న. నేల తడిగా ఉంటే ఏం చేయాలి? ఒకటి, తుడవాలి. రెండు, ఆరనివ్వాలి. మూడు, అందర్నీ పై వరసకు తరలించాలి.

నా గొణుగుడు ఆగిపోయింది. పన్నెండో ప్రశ్న గుర్తొచ్చింది. అన్నం అడుగంటితే? మూడు, మరో గంట ఉడికించాలి.

మేస్టారు పని నేర్చుకోవడం లేదు. మేం ఏటా నిలబడి చెప్పిన జవాబులనే అమలు చేస్తున్నాడు. గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టేసి, మిగతా ప్రశ్నలన్నిటికీ మూడో జవాబు ఏమిటో వేళ్ళ మీద లెక్కపెడుతూ నాచు తొట్ల చుట్టూ తిరిగాను. నవ్వొస్తూనే ఉంది. ముప్ఫై ఎనిమిదో ప్రశ్న దగ్గర నవ్వు పోయింది.

వంటింటి వైపునుంచి నీరు చిమ్ముతోంది. మొదట ఏది మూయాలి? ఒకటి, వంటింటి బయటి వాల్వు. రెండు, వంటింటి తలుపు. మూడు, కింది వరసకు వెళ్ళే గాలి గొట్టం. నాలుగు, కమిటీ ఆఫీసు.

వంటింటి గోడ నెలకోసారైనా చిమ్ముతుంది. చిమ్మినప్పుడల్లా మా పిన్ని బయటి వాల్వు మూస్తుంది, పరీక్షలో ఏం చెప్పిందో ఆవిడకు గుర్తు కూడా ఉండదు. ఇకమీదట మూసేది పిన్ని కాదు.

పరుగెత్తుకెళ్ళి అడిగాను. గాలి గొట్టం మూస్తే కింది వరస ఎంతసేపు ఆగుతుందని.

"నాలుగ్గంటలు కూడా ఆగదే. నీటి గంట మోగితే వరసల మధ్య తలుపులు వాటంతటవే పడిపోతాయి, పైకి రావడానిక్కూడా ఉండదు. అయినా అదెవడు మూస్తాడు, పిచ్చా?" అంది పిన్ని.

ఐదో రోజు

ఇవాళ ప్రశ్నలు అయ్యీ కాగానే దొరబాబు గారి బల్ల ముందు నిలబడ్డాను. అంతా చెప్పాను. ఆయన విన్నారు, గడ్డం గోక్కున్నారు.

"పరీక్ష జరుగుతుండగా జవాబుల గురించి మాట్లాడకూడదమ్మా. కావాలంటే అర్జీ పెట్టుకో, వచ్చే నెల కమిటీలో చూద్దాం" అన్నారు.

"వచ్చే నెలకి కింది వరస ఉండదండీ."

"పన్నెండేళ్ళుగా ఊరంతా ఒప్పుకున్న జవాబు తప్పంటావా? రెండుసార్లు తప్పినదానివి నువ్వు చెబుతున్నావా?"

నాకు ఒళ్ళు మండింది. బల్ల మీది ముద్ర తీసి ఎక్కడో దాచేద్దామనిపించింది. అది పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే ఆయనే లాక్కున్నారు.

అక్కణ్ణించి నేరుగా లోవరాజు గారి కొట్టుకు వెళ్ళాను. నలభైకి నలభై తెచ్చుకునే మనిషికి ఈ జవాబు ఎందుకు సరైనదో తెలిసే ఉండాలి. ఆయన స్టూలు మీద కూర్చుని కాలు చాపి మోకాలికి నూనె రాసుకుంటున్నారు. నూట పది కిలోల మనిషి, ఆ మోకాలు చూస్తే జాలేసింది.

"ముప్ఫై ఎనిమిదికి మూడెందుకండీ?" అన్నాను.

"అదేంటమ్మాయ్, మూడే కదా."

"అదే, ఎందుకని?"

నూనె గిన్నె పక్కన పెట్టారు. తర్వాత తలుపు వేసి రమ్మన్నారు. అక్కడ చెప్పిన మాట నేను ఎవరికీ చెప్పనని ఒట్టేశాను, రాయనని వేయలేదు.

పదమూడేళ్ళ కిందట ఊళ్ళోకి నీళ్ళు చొచ్చినప్పుడు అసలు జవాబులున్న పెట్టె తడిసి పాడైపోయిందట. దొరికేదాకా ఎక్కువమంది ఏ గడిలో నిలబడితే అదే సరైన జవాబనుకోమని కమిటీ మేస్టారికి చెప్పిందట. ఆ నీళ్ళలోనే బస్తాలు మోస్తూ లోవరాజు గారి మోకాలు విరిగింది. మరుసటి ఏడు పరీక్షకు వచ్చినప్పుడు నిలబడలేక, కమ్మీ ఉన్న గడి చూసుకుని వెళ్ళి పట్టుకున్నారు.

"నేను జవాబు కోసం ఎల్లలేదమ్మాయ్, కమ్మీ కోసం ఎల్లాను. ఎనక్కి తిరిగి సూస్తే ఊరంతా నా ఎనకాలుంది. నలభైకి నలభై అన్నారు, దండేశారు. ఇంకేం సెప్పమంటావు?"

నేను నవ్వాను. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆయనా నవ్వారు. నవ్వు అయిపోయాక ఇద్దరికీ భయమేసింది. కానీ ముప్ఫై ఎనిమిదికి ఒకటో గడిలో నిలబడమంటే ఆయన ఒప్పుకోలేదు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. పైగా గడిలో ఎవరైనా పడిపోతే ఆ గడి మొత్తం లెక్కలోకి రాదు. అసలు కారణం ఆ దండ అని నాకు తెలుసు. పన్నెండు దండలూ కొట్టు గోడకు వేలాడుతున్నాయి.

ఆరో రోజు

మేస్టారికి అప్పజెప్పడానికని పంపుల గదిలో వాల్వు చక్రాలకు ముందుగానే తాళాలు వేశారు. మా పిన్ని వట్టి చేతులతో బయట కూర్చుంది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. చూడలేక వచ్చేశాను.

హాల్లో ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని అడిగాను, ముప్ఫై ఎనిమిదికి ఒకటిలో నిలబడమని. ముందు నిలబడటం నేర్చుకోమన్నారు. ఒకావిడ నా కాళ్ళు పట్టుకుని కదలకుండా ఉంచి చూపించింది, చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ వాళ్ళను తప్పుపట్టలేను. ఇవాళ్టితో తొమ్మిది పోయాయి.

ఏడో రోజు

ఈ రోజు పోయిన ఒకటితో మొత్తం పది. ఇంక ఒక్కటి కూడా పోకూడదు. ముప్ఫై ఎనిమిదికి నేనొక్కదాన్నే ఒకటో గడిలో నిలబడితే జవాబు మారదు, నా పరీక్ష మాత్రం పోతుంది. మూడులో నిలబడితే పంపుల గదికి వెళ్ళొచ్చు, తాళం వేసిన చక్రాల పక్కన కూర్చుని కింది వరస గాలి ఆగిపోవడం చూడొచ్చు. పొద్దున్నించీ ఒకచోట నిలవలేదు. నడి వరస ఈ చివరినుంచి ఆ చివరికి ఎన్ని అడుగులో ఇప్పుడు నాకు కచ్చితంగా తెలుసు.

మధ్యాహ్నం లోవరాజు గారు కబురు పంపారు. వెళ్ళేసరికి కొట్టు ఖాళీగా ఉంది. పొద్దున కొట్టు కూడా మేస్టారి చేతికి వెళ్ళిందట. ఇరవై మూడో ప్రశ్న, నిల్వ సరుకు వాసన వేస్తే ఏం చేయాలి? మూడు, సముద్రంలోకి వదలాలి. ఎండు చేపలు వాసన వేయక ఏం చేస్తాయి? ఊరికి ఆర్నెల్ల చేపలు పోయాయి.

"మూడో గడే కదా, ఏమవుద్దిలే అనుకున్నానమ్మాయ్. పన్నెండేళ్ళు నిలబడ్డాను" అన్నారు లోవరాజు గారు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఖాళీ బస్తా ఒకటి మడతపెట్టి, "ఒకటిలో పట్టుకోడానికేముంది?" అన్నారు.

"నేనున్నాను."

"నువ్వా? నువ్వు నిమిషం నిలబడవు."

నిజమే. లేపి, ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని ఇరవై లెక్కపెట్టమన్నాను. ఏడు దగ్గర కదిలాను, ఆయన గోడకు కొట్టుకున్నారు. రెండోసారి పదకొండు. మూడోసారి ఇద్దరం ఖాళీ బస్తాల మీద పడ్డాం. ఒక్కసారి కూడా ఇరవై దాకా వెళ్ళలేదు.

ఎనిమిదో రోజు

అక్షరాలు సరిగా పడటం లేదు. ఐనా ఇప్పుడే రాసేయాలి.

ముప్ఫై ఆరు నిలబడ్డాను. ముప్ఫై ఏడు కూడా ఎలాగో నిలబడ్డాను, నాలిక కొరుక్కుని. మేస్టారు ముప్ఫై ఎనిమిది చదవడం మొదలుపెట్టాడు. ఎవరూ వినడం లేదు, ఎలాగూ మూడులోనే ఉన్నారు కాబట్టి కదిలే పని కూడా లేదు. నేను ఒక్కదాన్నే వెళ్ళి ఒకటిలో నిలబడ్డాను. ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు లోవరాజు గారు కమ్మీ వదిలారు.

కుంటుకుంటూ, ఒక్కో అడుగూ వేస్తూ మూడు దాటి, రెండు దాటి వస్తున్నారు. లెక్క పద్దెనిమిదికి వచ్చింది. "అదేంటి, ఆయన అటెల్తన్నారేంటి?" అని ఒకరు. "మార్చేరేమో!" అని ఇంకొకరు. ఆ మాట చాలు, అరవై మంది ఒక్కసారిగా ఒకటో గడి మీదికి దూకారు. ఎందుకని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇరవై తొమ్మిది దగ్గర లోవరాజు గారి చెయ్యి నా భుజం మీద పడింది. గంట మోగింది.

ఒకటి, రెండు, మూడు. మడమ దురద మొదలైంది. ఐదు దగ్గర ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల్లో గుచ్చుకుంది. తొమ్మిది దగ్గర ఆయన బరువంతా నా మీదికి వచ్చింది. "పోతన్నానమ్మాయ్, మోకాలు మడత పడతంది" అని గొణిగారు. "నా మీద పడండి, కింద పడకండి" అన్నాను పెదవులు కదలకుండా. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి నాకు కదలాలంటే భయం వేసింది. కింది వరసలో తలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పేరంటాలు అత్త తలుపు, పక్కన కవలపిల్లల తలుపు, ఆ పక్కన ఎప్పుడూ దగ్గే ముసలాయన తలుపు. మడమ ఎవరిదో అన్నట్టుంది. భుజం తెగిపోతోంది. పదహారు. నా వెనకెవరికో తుమ్ము వస్తోంది, మింగుతున్నాడు. పద్దెనిమిది. పంతొమ్మిది.

ఇరవై.

"ముప్ఫై ఎనిమిది. జవాబు, ఒకటి" అన్నాడు మేస్టారు, పడిశం గొంతుతో, ఎప్పుడూ అదే అయినట్టు.

లోవరాజు గారు నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆయన్ని ఇద్దరు పట్టుకుని మళ్ళీ కమ్మీ దగ్గరికి చేర్చారు. వెనకే ఊరంతా మూడుకు వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళాను. ముప్ఫై తొమ్మిదో ప్రశ్న గంట మోగేసరికి నా కాళ్ళు వణకడం మొదలైంది. ఇది దురద కాదు, తిమ్మిరీ కాదు. ఎంత బిగపట్టినా ఆగలేదు. రెండు లెక్కపెట్టేలోగా నా నంబరు పిలిచి తీసేశారు.

పదకొండు పోయాయి. నేను తప్పాను. దొరబాబు గారు ఈ పుస్తకం మీద ముద్ర కొట్టి, అయ్యో అన్నారు. పిన్ని గదికి వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. పంపుల గది కోసం ఏడ్చాను, అబద్ధం ఎందుకు.

పరీక్ష అయ్యాక పదకొండో రోజు

ముద్ర పడ్డాక రాయాల్సిన పని లేదు. పేజీలు మిగిలాయి కాబట్టి రాస్తున్నాను.

అన్నం ఇంకా మాడుతూనే ఉంది. చేపలు లేవు కాబట్టి రెండు పూటలా నాచే. తడి నేల చూసి రోజుకోసారి మెట్లెక్కుతున్నారు, అలవాటైపోయింది. వచ్చే ఏటికి ఒక్కో జవాబూ ఎలా మార్చాలో లోవరాజు గారు ఊతకర్ర చెక్కించుకుంటూ ఆలోచిస్తున్నారు.

ఇవాళ మధ్యాహ్నం నాచు బుట్ట తీసుకుని కింది వరసకు దిగాను. పేరంటాలు అత్త గుమ్మంలో బుట్ట దించుతుండగా నీటి గంట మోగింది. వంటింటి వైపు చిమ్మింది. వరసల మధ్య తలుపులు ధడాలున పడ్డాయి. మూడువందల నలభై మందితో పాటు నేనూ లోపలే ఉండిపోయాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నెలకోసారి మామూలే కదా. నేను మాత్రం ఆవిడ ఇంట్లోకి దూరి, గోడకున్న గాలి కంత మీద రెండు చేతులూ పెట్టాను. కొంగు చివర లాగి కంతకు అడ్డం పట్టాను. కొంగు ఊగింది. ఆగుతుందేమోనని చూశాను. ఊగుతూనే ఉంది. పైనుంచి వాల్వు మూసుకున్న చప్పుడు వినిపించింది, వంటింటి వైపునుంచి. ఆ తర్వాత కూడా కొంగు ఊగింది.

"ఏటా గోడతో సరసాలు?" అని అరిచింది పేరంటాలు అత్త వెనకనుంచి. "పరీచ్చ పోయిందంటగా మళ్ళీ? ఊరికే నిలబడితే పాసు సేసే పరీచ్చే అది! ముసిలోళ్ళు పాసైపోయేరు, కుంటోళ్ళు పాసైపోయేరు, నీకు సేతకాలేదేటే? సన్నీళ్ళు తాగినంత పని కాదంటే. మీ పిన్ని మొకం ఎక్కడెట్టుకుంటాది?"

నడుం మీద చేతులు పెట్టుకుని ఎడాపెడా వాయించింది. మా వంశంలో ఎవరూ ఇంత అప్రయోజకులు లేరంది. నాచు కూడా సరిగా గీకనంది. మధ్యలో ఒకచోట మాట అందక ఆగి, గుండెల నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ అందుకుంది. నా కళ్ళల్లో నీళ్ళు చూసి కాస్త తగ్గింది, ఎక్కువ అన్నాననుకుందేమో.

"తిట్టత్తా. ఇంకా తిట్టు" అన్నాను.